అమ్మన్నమ్మ పెట్టిన ఇటుక

కలకత్తా వాట్‌గంజ్‌లో అమ్మన్నమ్మ ఉండే సందులో ఒక వీధికుళాయి ఉంది. ఆరింటికి నీళ్లొస్తాయి. అయిదింటికే వెళ్లి చూస్తే అక్కడ మనుషులెవరూ కనిపించరు, ఇటుకలు కనిపిస్తాయి. గోడవారగా ఒకదాని వెనక ఒకటి, పదిహేనో ఇరవయ్యో. ఒక్కో ఇటుకా ఒక్కో మనిషి. ఇటుక దొరకనివాళ్లు పగిలిన కుండపెంకో, కొబ్బరిచిప్పో, తెగిన చెప్పో పెడతారు. పెట్టేసి ఇంటికెళ్లి పొయ్యి ముట్టించుకుంటారు, పిల్లలకి జడలేస్తారు. నీళ్లొచ్చే వేళకి ఎవరి ఇటుక పక్కన వాళ్లు నిలబడతారు. ఎవరైనా రాలేకపోతే వెనకామె ముందు ఆవిడ బిందె నింపి పక్కన పెట్టి, తర్వాత తన బిందె పెట్టుకుంటుంది. కాపలా ఉండదు. ఈ ఊళ్లో కదిలే బస్సులో జేబులోంచి పర్సు మాయమవుతుంది గానీ, వరసలో పెట్టిన ఇటుకని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో వాళ్లంటారు. మా నాన్న వరదల్లో పెద్ద పులసచేప మీదెక్కి హుగ్లీ దాటాడన్న కథ తీసెయ్యండి, ఒప్పుకుంటాను. ఈ ఇటుకల మాట మాత్రం ఉంచండి.

అమ్మన్నమ్మకి డెబ్బై దాటాయి. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఆవిడ వాట్‌గంజ్‌లోనే పుట్టింది, అక్కడే పెళ్లాడింది, రేవు గోడౌన్లలో ముప్ఫై ఏళ్లు చిరిగిన గోనెసంచులు కుట్టింది. కుడిచేతి బొటనవేలి మీద దబ్బనం నొక్కీ నొక్కీ పడిన కాయ ఇప్పటికీ ఉంది. నేను అదే రేవు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఆవిడ భర్త నరసయ్య క్రేను కింద పనిచేసేవాడు. అతను పోయాక ఆవిడ నాకు చాలా ఏళ్లు కనిపించలేదు. కిందటేడు వానాకాలంలో హాజ్రా మోడ్ దగ్గర బస్సు దిగుతూ కనిపించింది.

“గుమస్తా బాబూ, బావున్నారా? ఆదివారాలు మీరంతా కూడి పుస్తకం సదువుతారంట గదా. నాకు అచ్చరం రాదు. ఇనడానికి రావచ్చునా?” అంది.

“మా గుంపులో చదివేవాళ్లకి కొదవ లేదు అమ్మన్నమ్మా, వినేవాళ్లే కావాలి” అన్నాను. అది అబద్ధం కాదు.

భవానీపూర్‌లో మా తెలుగు సంఘానికి ఒక గది ఉంది. పాత మేడ కింది భాగంలో. ఒక ఇనప బీరువా, ఒక క్యారమ్స్ బోర్డు, ఇరవై నాలుగు కుర్చీలు. ఆదివారం నాలుగింటికి అక్కడ ఒకరు పైకి చదువుతారు, మిగిలినవాళ్లం వింటాం. ముసలివాళ్లకి చిన్న అక్షరాలు కనిపించవు. ఇక్కడే పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని అలా కుదిరింది. మొదలుపెట్టినవాడు తేజేశ్వర్. కరీంనగర్ కుర్రాడు, సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. అమ్మన్నమ్మ ఆ ఆదివారం వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆ కుర్చీ ఖాళీగా లేదు.

ఈ చైత్రంలో తేజేశ్వర్ ఒక కొత్త సంగతి ఎత్తుకున్నాడు.

“తాతా, పైన సర్దార్ లేడు, మేనేజర్ లేడు, ఒకడు చెప్పుడు ఇంకొకడు వినుడు లేదు. గట్ల మనుషులు వాళ్లంతట వాళ్లే కలిసి పని చేసుకుంటరా, చేసుకోరా? చేసుకుంటరు అన్నోళ్లు నూరేండ్ల కిందనే ఉన్నరు. నాలుగు ఆదివారాలు దాని మీద మాట్లాడుకుందాం. ఒకనికి కష్టమొస్తె మిగతావాళ్లు ఎందుకు నిలబడాలె, అది కూడ” అన్నాడు.

దానికి తెలుగులో అరాజకవాదం అని పేరు. రాజు లేకపోవడం. గది తలుపుకి అంటించే కాగితం రాసే పని మా మనవరాలు మౌక్తికది. అది ఇక్కడి కాలేజీలో చదువుతుంది. బెంగాలీ నీళ్లలా చదువుతుంది, తెలుగు అక్షరాలు మాత్రం చీమల్ని పట్టుకున్నట్టు ఒక్కొక్కటే పట్టుకుంటుంది. “మన సంఘంలో అరాజకం. నాలుగు ఆదివారాల చర్చ. అందరూ వచ్చి నోరు విప్పండి” అని రాసి నా దగ్గరికి తెచ్చింది.

“తాతా, జ యే కదా? బంగ్లాలో కూడా జ యే.”

అది సరిగ్గానే రాసింది. నాకే చెయ్యి ఊరుకోలేదు. “మనవాళ్ల నోట చ వస్తుందమ్మా” అన్నాను. అదీ నిజమే. అరాజకం అని మన ఇళ్లలో ఎవరంటారు? అందరూ అనేది అరాచకమే. పాపం పిల్ల జ కొట్టేసి చ రాసింది. జ తో రాస్తే ఏడుగురు వస్తారు, చ తో రాస్తే సంఘమంతా వస్తుంది అని నా లెక్క.

లెక్క తప్పలేదు. ఆ ఆదివారం ఇరవై నాలుగు కుర్చీలూ నిండి, మిగిలినవాళ్లు బీరువాకి ఆనుకుని నిలబడ్డారు. “మన సంఘంలో అరాచకం” అని తలుపు మీద రాసి ఉంటే ఇంట్లో ఎవరుంటారు? ఉగాదికి పులిహోర చాల్లేదన్నారొకరు. నాటకంలో తన కోడలికి వేషం ఇవ్వలేదన్నారు ఇంకొకరు. ఫ్యాను మూడేళ్లుగా కిర్రుమంటోందని ఒకాయన ఫ్యాను వేసి మరీ వినిపించాడు. తేజేశ్వర్ తన కాగితాలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు.

మధ్యలో శ్రీనివాస రావు లేచాడు. ఆయన మా సంఘానికి సెక్రటరీ, బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ మేడలోనే పై అంతస్తులో ఉంటాడు. “పదకొండేళ్లుగా ఈ గదిలో బల్బు పోతే నేనే స్టూలెక్కి మారుస్తున్నాను. దాన్ని అరాచకం అంటారని నాకు తెలియదు” అని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే జారుకున్నారు. ఏడుగురం మిగిలాం. తేజేశ్వర్ అప్పుడు చదివాడు. మధ్యలో అమ్మన్నమ్మ చెయ్యెత్తింది.

“బాబూ, సంగీబావం, సంగీబావం అంటన్నావు. అంటే ఏటి?”

తేజేశ్వర్ అయిదు నిమిషాలు చెప్పాడు. మిల్లుల్లో సమ్మెలన్నాడు, వరదల్లో ఊళ్లన్నాడు, పోలీసులు ఒకణ్ణి పట్టుకెళితే పదిమంది ఠాణా ముందు కూర్చోవడం అన్నాడు. అమ్మన్నమ్మ అంతా విని తలూపింది.

“ఓస్. ఇటుక.”

“ఇటుకేందవ్వా?”

ఆవిడ చెప్పడం మొదలుపెడితే గడియారం ఆరు కొట్టింది. తేజేశ్వర్ ఆపేశాడు. “గిట్ల తొందర తొందరగ వద్దు. అచ్చే ఆదివారం నీదే. నువ్వు ముంగట కూసొని చెప్పాలె, మేం వింటం” అన్నాడు.

అమ్మన్నమ్మ నవ్వలేదు. “నా వంతా?” అంది.

“నీ వంతే.”

ఆ వారంలో ఆవిడ ఏం చేసిందో నాకు తర్వాత తెలిసింది. కొత్త జాకెట్టు కుట్టించుకుంది. పొరుగింటి ఆడవాళ్లని కూర్చోబెట్టి మూడుసార్లు చెప్పి చూసుకుంది. నడుము పడిపోయేలా సంచులు కుట్టినప్పుడు, మొగుడు పోయినప్పుడు, ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు చాలామంది ఆవిడకి చాలా చెప్పారు. ఒక కుర్చీలో కూర్చోబెట్టి నువ్వు చెప్పు, మేం వింటాం అన్నది డెబ్బై ఏళ్లలో అదే మొదలు.

ఆదివారం వెళ్లేసరికి గదికి తాళం. దాని మీద కాగితం: “సంఘంపై నిందలు వేయు సమావేశములకు గది ఇవ్వబడదు. ఇట్లు, కార్యదర్శి.” మా కాగితం ఆయన చింపలేదు. తన కాగితం పక్కనే అంటించాడు. ఆయన మర్యాద అలాంటిది.

“ఇదేందిది! నింద ఎవరేసిన్రు?” అన్నాడు తేజేశ్వర్. వాడికి చ కీ జ కీ మధ్య జరిగింది తెలియదు. మౌక్తిక నాకేసి చూసింది. నేను వీధిలో పోతున్న రిక్షాకేసి చూశాను. ఒప్పుకోవలసింది అప్పుడే.

“పోనియ్ అవ్వా. ఫోన్లో పెట్టుకుందాం. ఎవరింట్ల వాళ్లం కూసొని వినొచ్చు.”

“ఫోన్లోనా?” అమ్మన్నమ్మ కొత్త జాకెట్టు చెయ్యి సర్దుకుంది. “నా వంతు ఈ గదిలో గదా బాబూ.”

“తాళమేసిన్రు కదా.”

“ఏస్తే? కుళాయిలో నీళ్లు రాకపోతే వంతు పోద్దేటి?”

ఎదురుగా ఒక ఇల్లు కడుతున్నారు. ఆవిడ రోడ్డు దాటి వెళ్లింది. “దాదా, ఏక్‌టా ఈట్ దాఓ” అని మేస్త్రీని అడిగి ఒక ఇటుక తీసుకుంది. దాన్ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చి గుమ్మం ముందు గోడవారగా పెట్టింది. “ఇది నాది” అంది. మళ్లీ వెళ్లి ఇంకోటి తెచ్చి, దానికి ముందు, తలుపుకి ఆనించి పెట్టింది.

“అది ఎవరిది?” అన్నాను.

“సెకట్రీ బాబుది. ఆయనా సంగం మనిషే గదా. రాలేదు గాబట్టి నేను పెట్టీసినాను.”

“మనకి తాళం వేసినాయనకి మొదటి ఇటుకా?”

“మరి ఆయన ఇల్లు దగ్గర గదా బాబూ. ఇల్లు దగ్గరోళ్లు ముందొస్తారు.”

ఆ తర్వాత తేజేశ్వర్ ఒకటి తెచ్చాడు. మౌక్తిక ఒకటి. నా ఇటుక నేను మోశాను. నడుము రెండు రోజులు గుర్తుచేసింది. మిగిలినవాళ్లూ పెట్టారు. ఎనిమిది ఇటుకలు. ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

ఇక్కడిదాకా జరిగింది అమ్మన్నమ్మ గొప్ప. ఇక్కడినించి జరిగింది నా పాపం. మా ఇల్లు ఆ సందు చివరే. రోజూ పొద్దున్న టీకొట్టు బల్ల మీద కూర్చుంటాను. సోమవారం ఒక పెద్దమనిషి ఆగి “కీసేర్ లైన్, దాదూ?” అని అడిగాడు. దేనికి ఈ వరస అని. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాను. “ఇలిష్ చేప వస్తోంది. పద్మా నది సరుకు. ఆదివారం నాలుగింటికి” అని వచ్చింది. మధ్యాహ్నానికి మూడు ఇటుకలు పెరిగాయి. మంగళవారం అడిగినవాడికి, పేర్లలో అక్షరాల తప్పులు దిద్దుతారని చెప్పాను. బుధవారం ఇంకేదో చెప్పాను, ఇప్పుడు గుర్తులేదు. కలకత్తావాళ్లకి ఖాళీ తలుపు కనిపిస్తే ఆగరు గానీ, వరస కనిపిస్తే ఆగకుండా ఉండలేరు. శుక్రవారం సాయంత్రానికి ముప్ఫై ఒక్క ఇటుకలు, ఒక రుబ్బురోలు పొత్రం, రెండు పూలకుండీలు. వరస మందుల షాపు దాటింది. మేస్త్రీ వచ్చి నా గోడ కన్నా మీ వరసే పెద్దదిగా ఉందన్నాడు.

శనివారం పొద్దున్న శ్రీనివాస రావు మా ఇంటికి వచ్చాడు. మనిషి నిద్రలేని మొహంతో ఉన్నాడు.

“సాంబశివరావు గారూ, తెల్లారగట్ల ఒకావిడ సంచి పట్టుకుని నా తలుపు కొట్టింది. ఇలిష్ ఎప్పుడు దింపుతారని అడిగింది. నేను వెల్లుల్లి కూడా తినను.”

“అయ్యో.”

“ఇంకొకాయన తన పేరులో ఒక అక్షరం తప్పు పడిందట, దిద్దమని కాగితం ఇచ్చి వెళ్లాడు. నేనేం చెయ్యను?”

చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ల రూళ్లకర్ర నాకు ఒకే ఒక మంచి అలవాటు నేర్పింది. ఎలాగూ దొరికిపోతామని తెలిసినప్పుడు మనమే ముందు చెప్పెయ్యాలి. “దిద్దవలసిన అక్షరం ఇంకోటుందండీ. అది నాది” అని మొత్తం చెప్పేశాను. మౌక్తిక జ రాయడం, నేను చ చేయించడం.

మా ఆవిడ కమలాదేవి కాఫీ తెచ్చిపెట్టి, నాకు పెట్టకుండా వెళ్లిపోయింది.

“జ” అన్నాడు ఆయన చివరికి.

“జ.”

“అంటే రాజు లేకపోవడం.”

“అవునండీ.”

“సెక్రటరీ లేకపోవడం కూడానా?”

“ఆ సంగతి నాలుగో ఆదివారం.”

ఆయన కాఫీ తాగాడు. “మరి పులిహోర చాల్లేదన్నది?”

“అది మాత్రం నిజమేనండీ. నాకు అందలేదు.”

లేచి చెప్పులేసుకున్నాడు. గది తెరుస్తాననలేదు, తెరవననలేదు. గుమ్మం దగ్గర ఆగి, “ఆ మొదటి ఇటుక ఎవరిది? మిగతావన్నీ ఎవరివో మేస్త్రీ చెప్పాడు, అది మాత్రం చెప్పలేకపోయాడు” అన్నాడు.

“మీదే. అమ్మన్నమ్మ పెట్టింది.”

ఆయన గుమ్మం దిగి ఆ వరసకేసి నడిచాడు.

ఆదివారం నాలుగింటికి ఎవరి ఇటుక పక్కన వాళ్లం నిలబడ్డాం. మా వెనక సందంతా జనం. సంచులు తెచ్చినవాళ్లు, కాగితాలు తెచ్చినవాళ్లు. మౌక్తిక నా చెవిలో, “తాతా, ధుత్! వీళ్లకి చేప ఎవరు ఇస్తారు?” అంది. అమ్మన్నమ్మ అదే కొత్త జాకెట్టులో రెండో ఇటుక పక్కన నిలబడి ఉంది. పెదవులు కదులుతున్నాయి. చెప్పబోయేది మళ్లీ అప్పజెప్పుకుంటోంది. మొదటి ఇటుక పక్కన ఎవరూ లేరు.

నాలుగు దాటి పది నిమిషాలైంది. తేజేశ్వర్ గడియారం చూసుకున్నాడు. అమ్మన్నమ్మ చూసుకోలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. శ్రీనివాస రావు దిగొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో తాళంచెవి. వచ్చి మొదటి ఇటుక పక్కన నిలబడ్డాడు, బ్యాంకు కౌంటరు దగ్గర నిలబడ్డట్టు.

“అమ్మన్నమ్మా, ఇది నా వంతన్నమాట. అయితే ముందు నేను మాట్లాడాలా?”

“తాళం మీ దగ్గరే ఉంది గదా బాబూ. తీసీండి.”

ఆయన తీశాడు.

“అయిపోయింది మీ వంతు. ఎల్లి కూకోండి” అంది.

సందులో నవ్వినవాళ్లలో తెలుగు రానివాళ్లు కూడా ఉన్నారు. ఆయన కూడా నవ్వి లోపలికెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. అమ్మన్నమ్మ వెళ్లి ముందు కుర్చీలో కూర్చుంది. చేపల కోసం వచ్చినవాళ్లకి నేను గుమ్మంలో నిలబడి బెంగాలీలో నిజం చెప్పాను. అది చెప్పడం ఎంత కష్టమో అలవాటు లేక నాకు అప్పటిదాకా తెలియలేదు. ఒకావిడ తిట్టింది. నలుగురు మాత్రం, వచ్చాం కదా అని లోపలికొచ్చి కూర్చున్నారు. మౌక్తిక వాళ్ల పక్కన కూర్చుని మెల్లగా బెంగాలీలో చెబుతూ వచ్చింది.

అమ్మన్నమ్మ తన కుళాయి సంగతి చెప్పింది. ఇటుకల పద్ధతి చెప్పింది. తర్వాత బైరాగి సంగతి. బైరాగి ఆ సందులోవాడే. ఒక ఎండాకాలం కుళాయి పక్కన స్టూలేసుకుని, కర్ర పట్టుకుని, ఇకమీదట ఎవరు ముందో ఎవరు వెనకో నేనే చెబుతాను అన్నాడట.

“అప్పుడు నలభైమంది ఆడవాళ్లు కుళాయి వదిలేసి, తొమ్మిది రోజులు...” అని నేను అందుకున్నాను.

“ఏటి బాబూ అబద్దాలు! పదకొండు మందిమి. నాలుగు రోజులు.” మళ్లీ జనంకేసి తిరిగింది. “ఆడితో దెబ్బలాడలేదు. మా ఇటుకలు మేం తీసుకుని రెండు సందులవతల కుళాయికాడ పెట్టీసినాం. అక్కడోళ్లు మాకు సోటిచ్చినారు. ఆళ్లకీ నీళ్లు సాలవు, అయినా ఇచ్చినారు. మోయడం కష్టమే. నడుం దగ్గిరున్నోళ్లకి మిగిలినోళ్లం మోసినాం. బైరాగి ఒక్కడూ కుళాయికి కాపలా కూకున్నాడు. నీళ్లొస్తన్నాయి, పోతన్నాయి. అయిదో రోజు ఆళ్లమ్మ బిందె ఇచ్చి పంపింది, నీళ్లట్టుకురా అని. ఆడికి తన కుళాయిలో తనొక్కడే పట్టుకుందికి సిగ్గేసింది. మా ఎనకొచ్చి ఒక ఇటుక పెట్టినాడు.”

“మీరేమన్నరు?” అన్నాడు తేజేశ్వర్.

“ఏటంటాం? ఆడి వంతొచ్చింది, పట్టుకున్నాడు. మర్నాడు అందరం మా కుళాయికి వచ్చీసినాం. స్టూలు మాత్రం ఉంచినాం. ముసిలోళ్లు కూకుంటారని.”

వెనకనించి శ్రీనివాస రావు చెయ్యెత్తాడు. “అమ్మన్నమ్మా, ఒక సందేహం. పైన ఎవరూ లేకపోతే, గొడవ వస్తే ఎవరు తీరుస్తారు?”

“గొడవ ఒస్తది బాబూ. రోజూ ఒస్తది. అరుసుకుంటాం. ఎనిమిదింటికి నీళ్లు ఆగిపోతాయి గదా. అందుకని బేగి తీరిపోద్ది.”

తేజేశ్వర్ తన కాగితాల వెనక ఏదో రాసుకున్నాడు. ఆ సాయంత్రం ఆ కాగితాలు చదవలేదు. శ్రీనివాస రావు టీ తెప్పించాడు. చేపలకోసం వచ్చిన నలుగురికి కూడా.

ఆ తర్వాత ఆదివారానికి మౌక్తిక చ కొట్టేసి జ రాసింది. పదకొండు మందిమి వచ్చాం. అందులో శ్రీనివాస రావు ఒకడు. కిర్రుమనే ఫ్యానుకి ఆయన స్టూలెక్కి నూనె వేస్తుంటే ఫ్యాను గురించి మొర పెట్టుకున్నాయనే స్టూలు పట్టుకున్నాడు. తాళం పడ్డది లెక్కలోంచి తీసేస్తే, మూడో ఆదివారం సంగతి అది. నాలుగో ఆదివారం సెక్రటరీ అవసరమా కాదా అని చర్చ జరిగింది. ఇంకా తేలలేదు.

మేస్త్రీకి ఇటుకలు తిరిగి ఇచ్చేశాం. లెక్కపెట్టుకుని ఒకటి తగ్గిందన్నాడు. ఆ ఒకటి వాట్‌గంజ్ వెళ్లింది. అమ్మన్నమ్మ పాత ఇటుక ఎప్పుడో రెండు ముక్కలైందట, మేస్త్రీ మనిషొకణ్ణి అడిగే పట్టుకెళ్లింది. ఇప్పుడు కుళాయి దగ్గర వరసలో ఆ కొత్తది ఉంటుంది. ఆ రోజు బస్సులో ఇటుకని ఒళ్లో పెట్టుకుంటే పక్కనున్నవాడు దీనికి సీటెందుకు అన్నాడట. “ఇది మనిషి” అందట ఆవిడ. ఇది నా కల్పన కాదు. ఆవిడే చెప్పింది.